మేమెప్పుడూ చూడని మా బిల్డింగ్

జూన్ 4, మంగళవారం

కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. వచ్చే నెల నుంచి పెన్షన్‌లో నాలుగో వంతు కోత. పెన్షన్ ఫండ్‌తో కొన్న బిల్డింగ్ ఖాళీగా పడి ఉందట, అద్దె రావడం లేదట.

చెల్లి రెండుసార్లు చదివి, ఆ కాగితం మీదే టీ గ్లాసు పెట్టింది. శుక్లాల ఆపరేషన్ ఒక కంటికే చేయించుకుంటాలే అక్కా, రెండోది దేవుడికి వదిలేద్దాం అంది. నవ్వుతూనే అంది.

ఇద్దరం ఒకే కుట్టు ఫ్యాక్టరీలో రిటైరయ్యాం. ఈ ఇల్లు నడిచేది మా ఇద్దరి పెన్షన్‌తోనే.

జూన్ 5

ప్రార్థనలో మనసు నిలవలేదు.

జూన్ 8, శనివారం

టైంకీపర్ వచ్చాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర మా ఆలస్యాలు రాసుకున్న మనిషి. రిటైరై ఇన్నేళ్లయినా అందరికీ టైంకీపరే.

ఫండ్ ఆఫీసుకు వెళ్లి అడిగాడట. మార్కెట్ బాగాలేదండీ, ఇదంతా మీకు అర్థమయ్యేది కాదు అన్నాడట ట్రస్టీల చైర్మన్. అర్థం కాకపోవడానికేముందమ్మా, బిల్డింగ్ మనది, ఒకసారి వెళ్లి దాని మొహం చూసొద్దాం అన్నాడు టైంకీపర్.

నిజమే. మా జీతాల్లో నెలనెలా పట్టుకున్న డబ్బుతో కొన్నది. మాలో ఒక్కరూ చూసిన పాపాన పోలేదు.

జూన్ 10, సోమవారం

ముగ్గురం బస్సులో వెళ్లాం. మూడంతస్తులు. సున్నం రాలిపోయింది కానీ నిటారుగానే ఉంది. ఎవరు కావాలి అన్నాడు వాచ్‌మన్. ఓనర్లం, తలుపు తియ్యి నాయనా అంది చెల్లి. అతను మా చెప్పుల వంక చూశాడు. ఏమనుకున్నాడో, తీశాడు.

ఖాళీగా లేదు.

కింది నుంచి పై దాకా కుట్టు మిషన్లు. మా ఫ్యాక్టరీవే. కొత్తవి వచ్చినప్పుడు తీసేసిన పాతవి, టార్పాలిన్ పట్టాలు కప్పి ఉన్నాయి. మూడో అంతస్తులో వాటి మీద పావురాలు కాపురం పెట్టాయి. మెట్ల పక్కన, పట్టా జారిన ఒక మిషను దారం స్టాండుకు నీలం గుడ్డపీలిక. నేను కట్టిందే, నా మిషను మారిపోకుండా. చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

కంపెనీ లారీల్లో తెచ్చి దించి మూడేళ్లయిందని వాచ్‌మన్ చెప్పాడు. అంటే మన ఇంట్లో కంపెనీ ఊరికే ఉంటూ, అద్దె రావట్లేదని మనకే కోత పెడుతోందా అన్నాడు టైంకీపర్. చెల్లి కొంగుతో ఒక మిషను మీది దుమ్ము తుడిచింది.

సాయంత్రం ఏడు

తమ్ముడు వచ్చాడు. కంపెనీ స్టోర్స్‌లో పని. లారీలు పంపింది వాడే. ఎక్కడ దించమంటే అక్కడ దింపించానక్కా, అది మీదని నాకేం తెలుసు అన్నాడు. ఫండ్ మీటింగులో నువ్వు నోరు విప్పావంటే నా ఉద్యోగానికి ఎసరు అన్నాడు. నీ ఉద్యోగం సరేరా, మరి నా కన్నో అంది చెల్లి. అంటూనే వాడికి కూర ఎక్కువ వడ్డించింది.

అమ్మ పోయాక ఇద్దరినీ పెంచింది నేను. ఇద్దరూ నా మొహమే చూశారు.

నీ పేరు నా నోట రాదు అన్నాను వాడితో. అడగనని మాత్రం మాటివ్వలేదు.

జూన్ 14

ఎల్లుండి ఫండ్ వార్షిక సమావేశం. ఏటా ఒకటే తంతు. నేను ప్రార్థన చేస్తాను, మైకు తీసేసుకుంటారు. చైర్మన్ లెక్కలు చదువుతాడు. చప్పట్లు, టీ.

రిటైరైనవాళ్ల చేతికి మైకు వచ్చేది ఆ ప్రార్థనకే.

జూన్ 16, ఆదివారం, ఉదయం ఐదున్నర

తప్పయితే క్షమించమని దేవుణ్ణి అడిగాను. అడిగాక, తప్పు కాదనిపించింది.

సాయంత్రం

ప్రార్థన పూర్తిగా చేశాను, తొందరపడకుండా. చైర్మన్ మైకు కోసం చెయ్యి చాచాడు. ఒక్క నిమిషమండీ అన్నాను. మన బిల్డింగ్‌లో కంపెనీ మిషన్లున్నాయి, వాటికి అద్దె ఎంత అని అడిగాను. అంతే.

ఏవో నాలుగు సామాన్లమ్మా, మొన్న మొన్న పెట్టినవే అన్నాడాయన. మీరు ప్రార్థన చక్కగా చేస్తారు, మాకది చాలు అని కూడా అన్నాడు.

టైంకీపర్ లేవబోయాడు. అంతలో వెనక నుంచి, మూడేళ్లయింది సార్, లారీలు పంపింది నేనే అని వినిపించింది. తమ్ముడు. హాల్లో కుర్చీలు వేసే డ్యూటీ వాడిది. చేతిలో కుర్చీ ఇంకా అలాగే ఉంది.

ఆ తర్వాత హాలంతా అడిగింది. ఇరవై ఏళ్లు ఇస్త్రీ సెక్షన్లో ఉన్నావిడ, నోట్లో మాట బయటికి రాని మనిషి, ట్రస్టీల్లో మావాళ్లెవరూ లేరేమండీ అంది. మాకో సీటు మొదటి నుంచీ ఉందట. ఎవరూ అడగలేదు కాబట్టి ఖాళీగా ఉంచారట.

ఈసారి చప్పట్లు లేవు. బయటి ఆడిటర్ చూసేదాకా కోత ఆపుతామని చైర్మన్ ఆ మైకులోనే చెప్పాడు. సీటుకు టైంకీపర్ నా పేరు చెప్పాడు. చేతులు లేచాయి. అన్ని చేతులు ఒకేసారి చూడటం నాకదే మొదలు.

టీ చల్లారిపోయింది. ఎవరికీ పట్టలేదు.

జూన్ 19

తమ్ముణ్ణి స్టోర్స్ నుంచి గేటుకు మార్చారు. జీతం అదే. టైంకీపర్ కుర్చీ ఇప్పుడు నాదక్కా అని నవ్వాడు. రేపట్నుంచి చైర్మన్ ఆలస్యాలు కూడా రాయి అంది చెల్లి.

జూలై 9

ఈ నెల నుంచి అద్దె కడతామని కంపెనీ ఒప్పుకుంది. మూడేళ్ల పాత అద్దె సంగతి తేలలేదు. తేలుస్తాం.

చెల్లి రెండు కళ్లకూ తేదీలు ఇచ్చారు.

జూలై 20

బిల్డింగ్ తాళాలు నాకిచ్చారు. మూడో అంతస్తు కిటికీలన్నీ తెరిచాం. పావురాలు కదల్లేదు.

వీళ్లను కూడా అద్దె అడుగు అంది చెల్లి, ఒక కంటికి కట్టుతో.