పరుగెత్తాల్సింది పిల్లలు

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలు. ఇక్కడ నేనూ బుజ్జిదీ బాగానే ఉన్నాం. తిండికీ నిద్రకీ లోటు లేదు, అరుపులకైతే అసలే లోటు లేదు. అక్కడ మీ మోకాలు ఎలా ఉంది? వదినగారి చేతి వంట తిని కాస్త ఒళ్ళు చేశారని ఆవిడే చెప్పారు. చేయండి, వచ్చాక నేను కరిగిస్తాను. ఉత్తరాన్ని చివర్నుంచి చదివే అలవాటు మీకుందని నాకు తెలుసు. ఈసారికి మాత్రం నా మీద ఒట్టు, మొదట్నుంచి చదవండి. ఫోన్లో చెబుదామంటే మీరు దాన్ని స్పీకర్లో పెడతారు, వదినగారింటిల్లిపాదీ వింటారు. ఈ మాటలు మనిద్దరి మధ్యే ఉండాలని రాస్తున్నాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు "రేపొస్తానమ్మా" అన్నాడు, ఏ రేపో అడగడం మర్చిపోయాను. బుజ్జిదానికి ముందుపన్ను ఊడింది. ఊడినందుకు ఏడవలేదు, పక్కింటి పిల్లకి తనకంటే ముందే ఊడిందని ఏడ్చింది. స్కూల్లో మెట్ల కింద గదిలో మీ తాళ్ళూ, రింగులూ, సుద్దముక్కల డబ్బా భద్రంగా ఉన్నాయి. మీ ఈల మాత్రం ఇంట్లోనే ఉంది, నా వల్ల కాక.

మీరు ఆపరేషనుకని బయల్దేరిన మర్నాడే హెడ్ మేడం "ఆటల పీరియడ్లు రెండో తరగతి టీచరుగారే చూసుకుంటారు" అని ప్రకటించేశారు కదా. మొగుడు ఆటల మాస్టారైతే పెళ్ళానికీ ఆటలు వస్తాయని ఆవిడ లెక్క. మరి డాక్టరుగారు ఊళ్ళో లేకపోతే ఆయన భార్య చేత ఆపరేషన్ చేయిస్తారా? మొదటిరోజు నేను మీ ఈల ఊదితే మరుగుతున్న గిన్నె మూత సందులోంచి ఆవిరి పోయినట్టు వచ్చింది చప్పుడు. ఒక పిల్లాడు జాలిగా "టీచర్, మీకు జలుబా?" అనడిగాడు. ఆ తర్వాత బంతులన్నీ పంచేసి, అప్పుడు ఎలా ఆడాలో చెప్పడం మొదలుపెట్టాను. వినేవాడెవడు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఒక బంతి పోయి ఆఫీసు కిటికీకి తగిలింది. ఇంటికొచ్చి బుజ్జిదానికి కనబడకుండా ఏడ్చి, మీకు ఆ మొదటి ఉత్తరం రాశాను.

మీరు రాసిన జవాబు నాకు కంఠస్థం. "బంతి చేతికొచ్చాక మాట చెవికెక్కదు. ముందు మాట, తర్వాతే బంతి. ఎండ నీ కళ్ళల్లో పడనీ, పిల్లల కళ్ళల్లో పడనీకు. గోడకి వీపు పెట్టి నిలబడు, అందరూ కనబడతారు. నువ్వు మాత్రం పరుగెత్తకు. పరుగెత్తాల్సింది పిల్లలు. మాస్టారు పరుగెడితే వెనకబడ్డవాళ్ళని చూసేవాడు ఉండడు." మీ సలహాలన్నిటిలోకీ ఆ చివరిది నాకు మహా నచ్చింది. బస్సు వెళ్ళిపోతున్నా పరుగెత్తని మనిషిని కదా నేను!

అలాగే చేశాను. మీరన్నట్టే ఈలకి బదులు చప్పట్లు కొడతాను. నేను ఏ వరసలో కొడితే వాళ్ళూ అదే వరసలో తిరిగి కొట్టి, ఎక్కడివాళ్ళక్కడ కదలకుండా నిలబడాలి. ఒకడు ఒంటికాలి మీద కొంగలా ఆగిపోతాడు, ఒకతి ఆవలింత మధ్యలో ఆగిపోతుంది. ఎండలో నిలబడి నిలబడి నేను మీ రంగుకొచ్చేశాను. ఇప్పుడు మనిద్దరం నిజంగా ఒక జట్టు.

జట్లంటే గుర్తొచ్చింది. ఇద్దరు లీడర్లని నిలబెట్టి, కావలసినవాళ్ళని కోరుకోమనొద్దన్నారు. చివర్న మిగిలిపోయిన పిల్ల ఆ రోజంతా మిగిలిపోయినట్టే ఉంటుందన్నారు. సరేనని సాక్సుల రంగుని బట్టి విడగొట్టాను. మర్నాడు స్నేహితులంతా కూడబలుక్కుని ఒకే రంగు సాక్సులు వేసుకొచ్చారు. పిల్లలా, పిడుగులా! ఇప్పుడు పుట్టిన నెలని బట్టి విడగొడుతున్నాను. దానికి కూడబలుక్కోలేరుగా.

ఔటైనవాళ్ళ సంగతీ మీరన్నట్టే చేస్తున్నాను. "ఔటైన పిల్లల్ని గోడవార కూర్చోబెడితే, ఆట వచ్చినవాళ్ళు ఆట నేర్చుకుంటారు, రానివాళ్ళు కూర్చోవడం నేర్చుకుంటారు" అని మీరు రాసిన మాట చదివి నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు. ఇప్పుడు మా దగ్గర ఔటైతే కుంటుకుంటూ గేటు దాకా వెళ్ళొచ్చి మళ్ళీ ఆటలో కలవడమే. కొందరు కావాలనే ఔటవుతున్నారు, కుంటడం సరదాగా ఉందని.

మందపాటి కళ్ళద్దాల పిల్ల ఉంది కదా, బంతి వస్తుంటే రెండు చేతులతో మొహం కప్పుకునేది. మీరు చెప్పినట్టు ముందు జేబురుమాలు ఎగరేసి పట్టుకోమన్నాను. అది మెల్లగా దిగుతుంది, మీదపడి కరవదు. తర్వాత మెత్తటి బంతులు కావాలంటే మీ పాత సాక్సులన్నీ ఉండలు చుట్టి పట్టుకెళ్ళాను. కంగారు పడకండి, రెండుసార్లు ఉతికాను. మొన్న ఆ పిల్ల కళ్ళు తెరిచే ఒక ఉండని పట్టుకుంది. పట్టుకుని "టీచర్, ఇది మాస్టారి సాక్సేనా?" అని స్కూలంతా వినబడేలా అరిచింది. మీ సాక్సులకి ఇంత పేరొస్తుందని ఎవరనుకున్నారు.

పీరియడ్ ముగిసేముందు అందర్నీ కళ్ళు మూసుకుని కూర్చోబెట్టి, ఏమేం చప్పుళ్ళు వినబడుతున్నాయో మనసులో చెప్పుకోమంటున్నాను. అదీ మీ సలహానే. ఎప్పుడూ "ఆటలయ్యాక వీళ్ళని పట్టలేకపోతున్నాం" అని గొణిగే మూడో తరగతి టీచరు కూడా "ఏం మంత్రం వేశావే?" అంది. మంత్రం నాది కాదు. ఆ మాట ఆవిడకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఇక మీరు ఆఖర్న అడిగారు, "పిల్లలు నా గురించి అడుగుతున్నారా? హెడ్ మేడం ఏమైనా అన్నారా?" అని. పిల్లలు రోజూ అడుగుతున్నారు. "ఈల మాస్టారు ఎప్పుడొస్తారు, మోకాలికి ఇనుం వేశారా, వచ్చాక ఇంకా గట్టిగా తంతారా బంతిని" అని ప్రాణం తీస్తున్నారు. రెండో ప్రశ్నకే ఇంతసేపూ డొంకతిరుగుడుగా తిరిగాను. ఇప్పుడు చెప్పక తప్పదు.

పోయిన శుక్రవారం హెడ్ మేడం వరండాలో నిలబడి పీరియడంతా చూశారు. అయ్యాక గదికి పిలిచి, కుర్చీ చూపించి, "చాలా బాగుందమ్మా, మాస్టారు లేని లోటే తెలియట్లేదు" అన్నారు. ఆ మాట నా చెవికి ములుకులా తగలాలి. తగల్లేదండీ. పూరీలా పొంగిపోయాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో నన్నెవరూ కూర్చోమని కూడా అనలేదు. ఆ పొంగులో ఉండగానే ఆవిడ "ఇంతకీ ఆయన ఇక పరుగెత్తగలరా?" అనడిగారు. నేను "లేదండీ, డాక్టరుగారు ఇక పరుగు వద్దన్నారట" అనేశాను.

మీరు రాసింది నాకు గుర్తుంది. "ఈ సంగతి స్కూల్లో ఎవరికీ తెలియనీకు, నేనే వచ్చి నా నోటితో చెప్పుకుంటాను" అన్నారు. గుర్తుండే చెప్పేశాను. మిమ్మల్ని తగ్గించాలని కాదు, ఆ దేవుడికి తెలుసు. కానీ పొగడ్త తలకెక్కాక నోటికి అదుపు ఉండదు. ఆవిడ నిట్టూర్చి, "అయితే వచ్చే ఏడు నుంచి ఆటలు నువ్వే ఉంచుకో. మాస్టారిని ఆఫీసులో కూర్చోబెడదాం, హాజరు పట్టీలూ అవీ చూసుకుంటారు, నీడపట్టున ఉంటారు. నీకు ఇష్టమేనా?" అన్నారు. గంగిరెద్దులా తలూపాను.

వానొస్తే తలుపు మూసుకోకుండా గుమ్మంలో నిలబడి టీ తాగే మనిషి మీరు. మిమ్మల్ని ఒక బల్ల వెనక కూర్చోబెట్టడానికి నేను తలూపాను.

ఇంటికొచ్చి సాక్సుల ఉండలు విప్పి ఉతికి ఆరేస్తుంటే, మీ మొదటి జవాబులోని సలహా గుర్తొచ్చింది. నువ్వు మాత్రం పరుగెత్తకు, పరుగెత్తాల్సింది పిల్లలు. చేతిలో తడి సాక్సుతో అక్కడే చతికిలబడ్డాను. మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ నేను ఒక్క అడుగు పరుగెత్తలేదండీ. గోడకి వీపు ఆనించి చప్పట్లు కొడుతూ నిలబడ్డాను, అంతే. పరుగెత్తని మనిషిని మెచ్చుకుని, పరుగెత్తలేరని మీ దగ్గర్నుంచి ఆ పని తీసేస్తుంటే, పక్కనే కూర్చున్న నాకు ఆ ముక్క తట్టలేదు. మీరు నాకు నేర్పిన మాట మీకు అవసరపడ్డ ఒకే ఒక్కచోట నా నోటికి రాలేదు. మీ సలహాలే మీ ఉద్యోగానికి ఎసరు పెట్టాయని ముందు అనుకున్నాను. కాదు, వాటినెందుకు అనడం, పెట్టింది నేనే.

సోమవారం పొద్దున్నే ఆవిడ గదికి వెళ్ళాను. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, ఆటలు మాస్టారికే ఉంచండి" అన్నాను.

"పరుగెత్తలేని మనిషికి ఆటలెలా ఇస్తానమ్మా?"

"నేను పరుగెత్తడం మీరెప్పుడైనా చూశారా?"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నిన్ను చూడలేదమ్మా, పిల్లల్ని చూశాను" అన్నారు.

"ఆయన పీరియడ్లోనూ పిల్లల్నే చూడండి. నేను చేసిందంతా ఆయన రాసి పంపిందే. రుమాలు దగ్గర్నుంచి చప్పట్ల దాకా ఏదీ నాది కాదు. సాక్సులు కూడా ఆయనవే."

ఆవిడకి నవ్వొచ్చింది కానీ వెంటనే సర్దుకున్నారు. "ఉత్త మాటల మీద నేను నిర్ణయం మార్చుకోలేను. వచ్చే నెల మొదట్లో వచ్చి ఒక్క పీరియడ్ తీసుకోమను. చేతికర్రతో వచ్చినా సరే. చూసి అప్పుడు చెప్తాను. మాట మాత్రం ఇవ్వను" అన్నారు.

కాబట్టి సంగతి తేలలేదు. తేలినా, జరిగింది జరగనట్టు కాదు. మీరిక పరుగెత్తలేరన్న కబురు స్టాఫ్ రూం అంతా పాకింది. మూడో తరగతి టీచరు నా చెయ్యి పట్టుకుని "అయ్యో పాపం మాస్టారు" అంది. ఆ పాపం అనే మాట మీకెంత గిట్టదో నాకంటే ఎవరికి తెలుసు? మీరు తలెత్తుకుని వచ్చి మీ నోటితో చెప్పుకోవాల్సిన మాట, మీరు గేటు దాటేలోపే అందరి నోళ్ళలో నానుతోంది. దాన్ని వెనక్కి తెచ్చే దారి నాకు తోచడం లేదు. తప్పు చేశానండీ. కోపమొస్తే తిట్టండి, ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి వదినగారి ముందే తిట్టండి, పడతాను.

మీ ఈల కడిగి, తుడిచి, కొత్త దారం కట్టి అలమారలో పెట్టాను. నా నోట ఎలాగూ మోగదు.

ఆ రోజు గది బయటికి వస్తుంటే హెడ్ మేడం వెనక్కి పిలిచి "ఇంతకీ ఆయన వస్తారా?" అనడిగారు. వస్తారండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మీ తరఫున నేనొకసారి జవాబు చెప్పి చూశాను కదా. "ఆయన్నే అడిగి చెప్తాను మేడం" అన్నాను.

అందుకే అడుగుతున్నాను. వస్తారా?

ఇట్లు,
మీ మాట కడుపులో దాచుకోలేకపోయిన
మీ ఇంటావిడ