చివరి మలుపులో గాజుమంచు

ప్రమోదక్కకి,

ఆస్ట్రియా ఆసుపత్రిలో నా కూతుర్నొక్కదాన్నే వదిలేసి యాంగోన్‌కి ఎలా వచ్చీసేవే అని పెద్దమ్మ ఏడుస్తూ అడిగింది. జవాబు నీకే రాస్తున్నాను.

పోయినేడాది ఇటలీలో స్కీ పోటీ గుర్తుందా? ముందు నువ్వు దిగావు. కిందనుంచి రేడియోలో, "చివరి మలుపులో మంచు మెత్తగా ఉందే, భయపడకుండా దూసుకొచ్చీ" అన్నావు. నమ్మి దూసుకొచ్చాను. అక్కడున్నది గాజులాంటి గట్టిమంచు. నా భుజం విరిగింది, సీజనంతా పోయింది. దేశం జట్టులో ఉన్న ఒక్క చోటూ నీదయింది. "మంచు కదే, ఇట్టే మారిపోద్ది" అని అందరిముందూ నా తల నిమిరావు కూడా.

ఈసారి ఆస్ట్రియాలో ముందు దిగింది నేను. చివరి మలుపులో మళ్లీ అదే గాజుమంచు. రేడియోలో నేనేటి చెప్పాను? "అక్కా, అక్కడ జారిపోద్ది, వేగం తగ్గించు" అన్నాను. కోచ్ కూడా విన్నాడు, అడుగు. నువ్వు నవ్వావు. పగతో అబద్ధమాడి నిన్ను వెనక్కి లాగుతున్నాననుకున్నావు, వేగం తగ్గించలేదు.

అలా అనుకుంటావని నాకు తెలుసు. అందుకే నిజం చెప్పాను.

నీ మోకాలు కుదురుకునేసరికి సీజన్ అయిపోద్ది. ఆ చోటిప్పుడు నాది.

పెద్దమ్మ రేపు నీ దగ్గరికి బయల్దేరుతోంది. నీకిష్టమని ఎండురొయ్యల బలచాంగ్ నా చేత్తోనే వేయించి పంపుతున్నాను. కారం తక్కువే వేశాను.

నమ్మితే తిను.

నీ చెల్లి
చిమిండైంగ్, యాంగోన్