ఖాళీ కుర్చీ గమనిస్తోంది

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య దీవించి, ఆదరాబాదరాగా రాస్తున్న ఉత్తరం.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపినదాన్ని. తీగ మీద మాట ఇద్దరి మధ్యే ఉండదని నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అందుకే కాగితం.

మీ సినిమా కబుర్ల వెబ్‌సైట్‌లో నువ్వు చూసుకునే చర్చల గది రోజూ చదువుతున్నాను. అందులో 'ముందు బెంచీ' అనేవాడూ, 'బాల్కనీ బాబు' అనేవాడూ ఆ కొత్త హీరోది సొంత జుట్టా, విగ్గా అని వారం నుంచీ కొట్టుకుంటున్నారు. నిన్న బాల్కనీ బాబు ఏం రాశాడో చూశావా? "ఆదివారం పొద్దున పాత సినిమా హాలు గేటు దగ్గరికి రా, ఎవడి జుట్టు ఎవడి చేతికొస్తుందో తేల్చుకుందాం" అన్నాడు. ముందు బెంచీ "వస్తా" అన్నాడు.

నెలాఖరుకి వందమంది సభ్యులు చేరకపోతే ఆ గది మూసేస్తామని, దాంతోపాటు నీ ఉద్యోగమూ పోతుందని మీ ఎడిటర్ అన్నాడని నువ్వే రాశావు. రెండేళ్లు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. అక్కడ రక్తం చిందితే కొత్తవాళ్లు ఎవరొస్తారు? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకు. వాళ్లిద్దర్నీ ఆపు.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: 'ఖాళీ కుర్చీ' అనే పేరుతో ఒకడున్నాడు. ఎవరేం మాట్లాడినా "గమనిస్తున్నాను" అని ఒక్క ముక్క రాసి పోతాడు. మీ ఆఫీసువాడేనా? ఆ మాట చూసినప్పుడల్లా లేచి వెళ్లి తలుపు గడియ చూసుకుంటున్నాను.

---

అత్తయ్యకి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు కంగారు పడకండి. వాళ్లిద్దరితోనూ నేను మాట్లాడాను. నోటి దురుసే గానీ చీమకి కూడా హాని చెయ్యరు. ఆదివారం గొడవ రద్దయింది.

మీరు భయాలు మానేసి సంతోషించే మాట చెప్తాను. ఇవాళ్టికి చర్చావేదికలో ఎనభై ఎనిమిది మంది అయ్యారు. నర్సు ఒకావిడ, మోకాళ్ల నొప్పులున్న లారీ డ్రైవరు, దర్జీ, లెక్కల మాస్టారు, ఎంతెంత మంచివాళ్లో. నేనొక మాట రాస్తే పదిమంది బదులిస్తున్నారు. ఇంట్లో కూర్చున్న రెండేళ్లలో నా మాట విన్నవాళ్లు మీరొక్కరే. ఇప్పుడు పొద్దున్నే చొక్కా వేసుకుంటుంటే నా కోసం ఎవరో ఎదురుచూస్తున్నట్టు ఉంటోంది.

మీ విధేయుడు,
మేనల్లుడు

తా.క.: ఖాళీ కుర్చీ మా ఆఫీసువాడు కాదు. మీకు తెలిసినవాడేమో అనుకున్నాను. మీరు ఆ మాట రాశాక నేనూ గోడకి వీపు ఆనించి కూర్చుంటున్నాను.

---

చిరంజీవికి,

అత్తయ్య ఆశీస్సులు, అంతకంటే ఎక్కువగా ఆదుర్దా.

గొడవ రద్దయిందన్నావు. మరి ఆదివారం నుంచి బాల్కనీ బాబు గొంతు లేదేం? ముందు బెంచీ మాత్రం ఏమీ ఎరగనట్టు పాటల గురించి మాట్లాడుతున్నాడు. నర్సు రెండుసార్లు అడిగింది, డ్రైవరు అడిగాడు, దర్జీ ఆయన కోసం దీపం పెట్టానన్నాడు. ముందు బెంచీ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. వాడు ఆ గేటు దగ్గర ఏదో చేశాడు.

నాతోపాటు ఎక్స్ఛేంజిలో పనిచేసినావిడ కొడుకు పోలీసు ఇన్‌స్పెక్టరు. వాడికి మొత్తం చెప్పాను. వచ్చే గురువారం మీ ఆఫీసుకొచ్చి ఇద్దరి చిరునామాలూ తీసుకుంటాడు. భయపడకుండా ఇవ్వు.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: ఖాళీ కుర్చీ నిన్న "నాలుగు రోజులైంది" అని రాశాడు. వాడు రోజులు లెక్కపెడుతున్నాడురా.

---

అత్తయ్యా,

మీ కాళ్లు పట్టుకుంటాను, ఇన్‌స్పెక్టర్ని ఆపండి.

బాల్కనీ బాబు నేనే. ముందు బెంచీ కూడా నేనే. నేను చేరిన రోజున ఆ గదిలో పురుగు కూడా లేదు. వీధిలో ఇద్దరు కొట్టుకుంటే పదిమంది పోగవుతారు కదా అని ఇద్దర్ని సృష్టించి కొట్టించాను. నిజంగానే పోగయ్యారు. మీ ఉత్తరం చూసి కొట్లాట ఆపేశాను. ఆ కంగారులో బాల్కనీ బాబు పాస్‌వర్డ్ మర్చిపోయాను. అత్తయ్యా, వాణ్ని ఎవరూ చంపలేదు. నేను లోపలికి పోలేకపోతున్నాను, అంతే.

ఇన్‌స్పెక్టర్ వస్తే హంతకుడి చిరునామా, హతుడి చిరునామా, నా చిరునామా ఒకటే అవుతుంది. ఉద్యోగం సంగతి సరే. ఆ నర్సుకీ, డ్రైవరుకీ నా మొహం ఎలా చూపించను? అంత నమ్మకంగా మాట్లాడేవాళ్లని మోసం చేశాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది నా పని.

మీ
మేనల్లుడు

తా.క.: దర్జీ పెట్టిన దీపం ఎవరైనా ఆర్పేస్తే బావుణ్ను.

---

ఒరే నాయనా,

ఇన్‌స్పెక్టర్ని ఆపాను. పోయినవాడు పుట్టింటికి వెళ్లొచ్చాడని చెప్పాను. మగవాడికి పుట్టింటేమిటని అడిగాడు గానీ, పెద్దదాన్ని కదా, ఊరుకున్నాడు.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు. ఆ నర్సు నేనే. డ్రైవరూ, దర్జీ, లెక్కల మాస్టారూ, మిగతావాళ్లూ, మొత్తం ఎనభై అయిదుగురూ నేనే. నీ ఉద్యోగం పోతుందని నువ్వు రాసిన రోజే మొదలుపెట్టాను. ఒకేసారి నలభై లైన్లు నడిపిన చెయ్యి ఇది. నోట్‌బుక్‌లో అన్నీ రాసుకున్నాను, నర్సుకి ఏ వారం సెలవో, డ్రైవరుకి ఏ మోకాలు నొప్పో. ఆ ఖాళీ కుర్చీ కాక, నా నోట్‌బుక్‌లో లేని మనుషులు ఇద్దరే కనిపించారు. ఉన్న ఇద్దరు నిజం మనుషులూ ఒకణ్నొకడు చంపుకుంటే నేను ఎవరితో మాట్లాడను అని భయపడ్డాను.

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరి లైన్లూ ఒకేసారి ఆగిపోవడం గమనించాను సుమా. పైకి పోట్లాడుకున్నా, కలిసి అన్నం తింటారు కాబోలు, మనసులు మంచివే అనుకున్నాను.

నన్ను తిట్టకు. నీతో నేను ఈ నెలలో మాట్లాడినంత నా జన్మలో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇట్లు,
ఎనభై అయిదుగురి తరఫున, అత్తయ్య

తా.క.: నావి ఎనభై అయిదు, నీవి రెండు. మొత్తం ఎనభై ఏడు. అక్కడ ఎనభై ఎనిమిది చూపిస్తోంది. ఖాళీ కుర్చీ నా నోట్‌బుక్‌లో లేడు. ఇన్నాళ్లూ మనిద్దర్నే చూస్తూ కూర్చున్నాడన్నమాట. ఇవాళ "ఇద్దరే ఉన్నారు" అని రాశాడు. నేను మంచం కింద కూడా వెతికాను.

---

అత్తయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట ఏడుపొచ్చింది, నాకోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరని. తర్వాత ఎనభై అయిదుసార్లు ఎదురుచూసినావిడ ఒకరున్నారని తట్టింది.

ఖాళీ కుర్చీ ఎవరికో చెప్పేలోపు నేనే చెప్పేద్దామని రాజీనామా జేబులో పెట్టుకుని ఎడిటర్ గదిలోకి వెళ్లాను. ఆయన టైపు చేస్తున్నాడు. తెర మీద "గమనిస్త" వరకు పడింది. నన్ను చూసి అన్నం డబ్బా మూత తీసి తెరకి అడ్డం పెట్టాడు. నేను మన సంగతంతా చెప్పేశాను.

యజమాని ఆయన్ని రోజుకొక మాట రాయమన్నాడట. ఏం రాయాలో తోచక ఆ ముక్కో, కంటికి కనిపించిన లెక్కో రాస్తున్నాడట. మాటలన్నీ రెండు చోట్ల నుంచే వస్తున్నాయని ఆయనకి వారం కిందటే తెలిసిందట. యజమానికి చెప్తే ముందు తన కుర్చీ ఖాళీ అవుతుందని నోరు మూసుకున్నాడు. "నెలాఖరుకి ఇంకా పన్నెండు మంది కావాలి, మీ అత్తయ్యగారికి ఓపిక ఉంటుందా?" అని నన్నే అడిగాడు. రాజీనామా చించేశాను.

మీ
మేనల్లుడు

తా.క.: అత్తయ్యా, ఈ ఉదయం ఎనభై తొమ్మిదో మనిషి చేరాడు. "ఇంట్లో నేనొక్కణ్నే ఉంటాను. మీరంతా ఒకే ఇంటివాళ్లలా పోట్లాడుకుంటుంటే రోజూ చదువుతున్నాను. నేనూ రావచ్చా?" అని అడిగాడు. నేను కాదు, ఎడిటర్ కాదు. మీ నోట్‌బుక్‌లో కూడా లేకపోతే ఈసారి నిజంగా ఎవరో వచ్చారు. నాకేం రాయాలో తోచడం లేదు. ముందు నర్సుని పంపించండి.