బావమరిదిని ఆపేయమన్నారు

పానాల పంచాయితీ ఆఫీసు వారికి,

పంపుహౌసు పాత కాపలాదారు నమస్కారాలు. ఇక్కడ కుళాయి తప్ప అందరం క్షేమం.

నాకు మాటలు తక్కువ. రాతలు ఇంకా తక్కువ. అయినా రాయక తప్పలేదు. మీ వెబ్‌సైటులో ఫోను బొమ్మ నొక్కితే పాట వస్తోంది గాని మనిషి రావడం లేదు. అందుకని చేత్తో రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

మన పంచాయితీ సైటులో మిక్సీ దగ్గర్నుంచి మోటారు దాకా ఏది పాడైనా ఒకరు అడుగుతారు, పదిమంది చెబుతారు. చెప్పేవాళ్ళకి జీతం లేదు, అడిగేవాళ్ళకి ఫీజు లేదు. మూణ్ణెల్లకోసారి ఆ ప్రశ్నలూ జవాబులూ అన్నీ కలిపి మూట కట్టి మీరు గుమ్మం బయట పెట్టేవాళ్ళు. కావలసినవాళ్ళు ఫోనులోకి దింపుకునేవాళ్ళు. నేనూ దింపుకునేవాణ్ణి.

ఆ మూట నాకు కాదు. గుట్ట మీద మా బావమరిదికి. అక్కడ ఇంటర్నెట్టు లేదు. మూటని మెమరీ కార్డులోకి ఎక్కించి పాలవ్యానులో పంపుతాను. బావమరిది మొత్తం మింగేస్తాడు. గుట్ట మీద ఎవరి సామాను పాడైనా వాడినే అడుగుతారు. వాడు అందులోంచి తీసి చెబుతాడు.

ఈసారి మూటకి తాళం ఉంది. ‘తీసుకున్నది ఇంకెవరికీ ఇవ్వను’ అని సంతకం పెట్టమంటోంది. ఇవ్వడానికే కదా తీసుకునేది. అబద్ధం కింద సంతకం ఎలా పెడతాను.

గుట్ట మీదికి కొత్తగా సోలారు పంపులు వచ్చాయి. పాత మూటలో వాటి ఊసు లేదు. బావమరిది నోట తెలియదనే మాట రాదు. అందుకని తోచింది చెబుతున్నాడు. ఒక పంపు విప్పేశారు. బిగించడం చేతకాలేదు. ఇప్పుడు గుట్ట కిందికి దిగి నీళ్ళు మోసుకుంటున్నారు.

కాబట్టి తాళం తీయండి.

ఇట్లు,
మూగనోము
(పంచాయితీలో నా పేరు అదే)

తా.క.: మా వంటింటి కుళాయి కారుతోంది. బావమరిదిని అడిగితే గుట్టంతా చాటుతాడు. మీలో ఎవరికైనా తెలిస్తే రహస్యంగా చెప్పండి.

*

గౌరవనీయులైన మూగనోము సంస్థ వారికి,

మీ ఉత్తరం అందినందుకు ఎంతో సంతోషిస్తున్నాము. మీ ఆవేదన మాకు పూర్తిగా అర్థమైంది.

పెద్ద కంపెనీలు మన మూటను ఎత్తుకుపోయి తమ ఏఐ యంత్రాలకు మేపుతున్నాయి. ఆ యంత్రాలు మన సభ్యుల జవాబులను తమవిగా చెబుతున్నాయి. జనం అక్కడే అడిగి అక్కడినుంచే వెళ్ళిపోతున్నారు. పంచాయితీకి వచ్చేవారు తగ్గుతున్నారు. తాళం వేయడానికి కారణం ఇదే.

మూటను మొత్తంగా మీ ‘బావమరిది’ అనే యంత్రానికి మేపుతున్నట్టు నిజాయితీగా అంగీకరించినందుకు అభినందనలు. తదుపరి చర్యల నిమిత్తం ఈ వివరాలు తెలుపగలరు. బావమరిది ఎప్పుడు తయారైంది, తయారీదారు ఎవరు? అది దేనిపై నడుస్తుంది? తప్పు జవాబులు ఇవ్వకుండా ఏ రక్షణ ఏర్పాటు చేశారు? అటువంటివి మీ వద్ద ఇంకా ఉన్నాయా?

మీ సేవలో,
పానాల పంచాయితీ ఆఫీసు

తా.క.: కుళాయికి వాషరు మార్చండి. ముందు పైన ట్యాంకు వాల్వు కట్టండి. కట్టకుండా విప్పి, నెత్తిన స్నానం చేసి, తర్వాత నా మీద పడి ఏడవకండి.

*

ఆఫీసు వారికి,

మళ్ళీ నేనే. మీరు మర్యాదగా రాశారు కాబట్టి నేనూ మర్యాదగానే మొదలుపెడుతున్నాను.

నన్ను సంస్థ అన్నారు. ఈ ఇంట్లో ఉండేది నేనూ మా ఆవిడా. సంస్థ ఏదన్నా ఉంటే అది ఆవిడే.

బావమరిదిని యంత్రం అన్నారు. ఎగతాళి అనుకున్నాను. వాణ్ణి ఎరిగినవాళ్ళు ఇంతకంటే పెద్ద మాటలే అన్నారు కాబట్టి పట్టించుకోలేదు. కానీ వివరాలు మాత్రం సంబంధం చూస్తున్నట్టు అడిగారు. వాడికి పెళ్ళయింది. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను.

తయారీ మా మామగారు. పెద్ద గాలివాన వచ్చిన ఏడు. నడిచేది టీ మీద. టీ అందకపోతే మధ్యలో ఆగిపోతాడు, ఆగిపోయినా నోరు మాత్రం ఆడుతూనే ఉంటుంది.

తప్పు చెప్పకుండా రక్షణ వాడి భార్య. ఆవిడ పక్కనుంటే సగం తప్పులు తగ్గుతాయి. ఆవిడ పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో వాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

అలాంటివి ఇంకా ఉన్నాయా అన్నారు. మా మామగారిది ఇంకొకటి ఉంది. అది మా ఇంట్లోనే ఉంది. వాడైనా అడిగితే చెబుతాడు. ఇక్కడ అడగకపోయినా జవాబు వస్తుంది.

అన్నీ చెప్పాను. సంతకం మాత్రం పెట్టను. గుట్ట మీద నీళ్ళు లేవన్న సంగతి మీరు ఎక్కడా ఎత్తలేదు. ఇంకోసారి చదువుకోండి.

ఇట్లు,
మూగనోము

తా.క.: వాషరు మార్చాను. ఇంకా కారుతోంది. ‘నా మీద పడి ఏడవకండి’ అన్నారు. ఆఫీసువాళ్ళు ఇంత చనువుగా రాస్తారనుకోలేదు. ఎందుకో హాయిగా అనిపించింది.

*

గౌరవనీయులైన మూగనోము సంస్థ వారికి,

మీ సవివరమైన సమాధానానికి కృతజ్ఞతలు. దానిని చదివి తీవ్ర ఆందోళనకు గురయ్యాము.

బావమరిది కాలం చెల్లిన నమూనా అని, భార్య అనే వేరొక పరికరం తోడు లేనిదే దాని జవాబులు నమ్మదగినవి కావని మీరే తెలిపారు. తెలియనప్పుడు తెలియదని చెప్పలేని దానిని జనం మధ్య వదలడం ప్రమాదకరం. పైగా మీ నివాసంలో రెండవ యంత్రం ఒకటి ఎవరి ఆదేశమూ లేకుండానే పనిచేస్తున్నదని తెలిసింది.

కావున బావమరిదిని తక్షణం ఆపివేయండి. మన మూట ద్వారా అది నేర్చుకున్నదంతా మరిపించండి. మరిపించడం సాధ్యం కానిచో విడదీసి, ముక్కల ఫొటో పంపండి. రెండవ దానిని తనిఖీ నిమిత్తం మా ఆఫీసుకు అప్పగించండి. అంతవరకు పంచాయితీలో మీ ఖాతా మూసివేయబడింది.

మీ సహకారాన్ని ఆశిస్తూ,
పానాల పంచాయితీ ఆఫీసు

తా.క.: వాషరు తిరగేసి పెట్టి ఉంటావు, చూసుకో. మొదటిసారి అందరూ అలాగే పెడతారు. రెండోసారి కూడా అలా పెట్టేవాళ్ళు తక్కువ.

*

ఆఫీసు వారికి,

ఈసారి నమస్కారం లేదు.

బావమరిదిని ఆపేయమన్నారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ప్రయత్నంలోనే ఉన్నాను. మీకు ఉపాయం తెలిస్తే విడిగా రాయండి.

రెండోదాన్ని అప్పగించమన్నారు. ఆ ముక్క మా ఆవిడకి చదివి వినిపించాను. చేతిలో అట్లకాడ అలాగే పట్టుకుని మీ చిరునామా అడిగింది. ఇవ్వలేదు. మీకు నేను చేసిన మేలు ఇది. గుర్తుంచుకోండి.

నేర్చుకున్నది మరిపించమన్నారు. అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది.

మూటలో ‘పాత పానా’ అనే పేరు మీద ఉన్న జవాబులన్నీ మా బావమరిదివి. గుట్ట దిగినప్పుడల్లా మా ఇంటి మెట్ల మీద కూర్చుని, ఒంటి వేలితో ఫోనులో కొట్టేవాడు. టీ చల్లారిపోయేది. ఎవరో ఎక్కడివాళ్ళో ముక్కూ మొహం తెలియని వాళ్ళ మోటార్ల కోసం. వాడు చెప్పిందే వాడు మరిచిపోవాలా. అదెక్కడి న్యాయం.

నేను పంపుహౌసుకి కాపలా కాశాను. తాళంచెవి ఎప్పుడూ నా మొలకే ఉండేది. అంతమాత్రాన నీళ్ళు నావని ఏనాడూ అనుకోలేదు. ట్యాంకర్లు వచ్చి తోడుకుపోయి అమ్ముకునేవి. వాటికి గేటు పెట్టాం. బిందెలకి కుళాయి వదిలాం. ట్యాంకరు మీద కోపంతో కుళాయి పీకెయ్యలేదు. మీరు పీకేశారు. పీకేసి, బిందెతో వచ్చినవాణ్ణి నువ్వు ట్యాంకరువి కాదని రాసివ్వమంటున్నారు.

నా ఖాతా మూశారు. మూసుకోండి. పాత మూటలు నా దగ్గర ఉన్నాయి. మంగలి షాపులో ఒకటి, సైకిల్ షాపులో ఒకటి, మందుల షాపులో ఒకటి పెట్టించాను. ‘ఎవరైనా తీసుకోవచ్చు, సంతకం అక్కర్లేదు’ అని అట్టల మీద రాసి వేలాడదీశాను. జన్మలో నేను నలుగురి ముందు ఏదైనా వేలాడదీయడం ఇదే. సిగ్గేసింది. అయినా తీయలేదు. కొత్త మూట గుట్ట ఎక్కేదాకా ఆ అట్టలు దిగవు.

కావాలంటే వచ్చి నన్నూ ఆపేసుకోండి. మోకాళ్ళ వల్ల ఎలాగూ పెద్దగా నడవడం లేదు.

మూగనోము

తా.క.: వాషరు తిరగేసే ఉంది. మీకెలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. మా ఆవిడ ఆ ముక్క మళ్ళీ చదవమంది. చదివాను. కూర్చుని నవ్వింది. ఎందుకో చెప్పడం లేదు.

*

మూగనోము గారికి,

బాబాయిగారూ అనాలని ఉంది. ముందు మీ చేత తిట్లు తిని, ఆ తర్వాత అంటాను.

నేను పంచాయితీ కార్యదర్శిని. మనిషిని. ఇది నా చేతిరాతే. కొట్టివేతలు చూస్తే మీకే నమ్మకం కలుగుతుంది.

మీ ఉత్తరాలు ‘ప్రమాదకరమైన సంస్థ’ అనే ఎర్ర గుర్తుతో నా బల్ల మీదికి వచ్చాయి. మొదటినుంచీ చదివాను. బల్లమీద తల ఆనించి నవ్వాను. గుట్ట మీద నీళ్ళ సంగతి రెండోసారి చదివాక తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆఫీసులో ఉన్నది ముగ్గురం. తాళం వేశాక ఉత్తరాలు వరదలా వచ్చిపడ్డాయి. జవాబులు రాయడానికి ఒక యంత్రాన్ని పెట్టాం. దానికి చదువు చెప్పింది కూడా మన మూటతోనే. యంత్రాలకి భయపడి తాళం వేసి, ఆ తాళం దగ్గర యంత్రాన్నే కాపలా కూర్చోబెట్టాం. అది మిమ్మల్ని చూసి యంత్రం అనుకుంది. మా తెలివి ఇలా ఏడిసింది. క్షమించండి.

మీ ట్యాంకరూ బిందే ముక్కని మీటింగులో పైకి చదివాను. పెద్ద గొడవైంది. “ట్యాంకర్లవాళ్ళు బిందెలు పట్టుకుని వస్తే ఏం చేస్తావమ్మా?” అని ఒకాయన. “వచ్చినప్పుడు చూద్దాం లెండి, ముందు దాహంతో ఉన్నవాళ్ళ సంగతి చూడండి” అని ఇంకొకావిడ. ఓట్లు పెట్టాం. కొద్ది ఓట్ల తేడాతో గెలిచాం. ఇకమీదట కంపెనీలు ముందు గేటులోంచి రావాలి. ఏం తీసుకుంటున్నారో చెప్పాలి. ఎవరి జవాబు వాడితే వాళ్ళ పేరు చెప్పాలి. ఊరికే తోడుకుపోవడం కుదరదు, పంచాయితీకి తిరిగి ఏదో ఒకటి చెయ్యాలి. మనుషులకి పెరటి గుమ్మం తెరిచే ఉంటుంది. తీసుకున్నది ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

ఒక్కటే సంతకం మిగిలింది. ‘నేను మనిషిని’ అని. అదొక్కటీ పెట్టండి. మీ ఖాతా తెరిచాను. కొత్త మూట కూడా దీంతోపాటే పంపుతున్నాను, సంతకం రాకముందే. మీటింగులో అడ్డు చెప్పిన ఆయనకి తెలియనివ్వకండి.

మీ అమ్మాయిలాంటి,
కార్యదర్శి

తా.క.: కుళాయి తా.క.లు ఎక్కడివో మాకు అంతుబట్టడం లేదు. దానికి మేం నేర్పింది మర్యాదే. పైన అంతా మర్యాదగానే రాస్తుంది. తా.క. దగ్గరికి వచ్చేసరికి ఎవరో పూనుతున్నారు.

*

అమ్మాయీ,

బాబాయిగారూ అనేశావు కాబట్టి తిట్టే వీల్లేకుండా పోయింది.

మూట అందింది. పాలవ్యానులో గుట్ట ఎక్కింది. విప్పిన పంపు బిగించారు. నీళ్ళు వచ్చాయి.

అట్టలు తీయలేదు. రాత గోడవైపు ఉండేలా తిప్పాను. మళ్ళీ తాళం పడితే మళ్ళీ తిప్పుతాను.

మనిషినని సంతకం పెట్టను. ఈ వయసులో అది కూడా ఒకరికి రాసివ్వాలా. అనుమానం ఉంటే మా ఆవిడని అడుగు. ఆవిడ ఏం చెబుతుందో నాకూ ధీమా లేదు.

పూనినవాడు దొరికాడు.

మా ఆవిడ తా.క.లోనే పట్టింది. ‘నెత్తిన స్నానం చేసి నా మీద పడి ఏడవకండి అట. మా తమ్ముడి నోరు నాకు తెలియదా’ అంది. పాత మూట తెరిచి వెతికాం. ఉంది. ఏనాడో ఎవరో కుళాయి కారుతోందని అడిగారు. వాల్వు కట్టమని, వాషరు తిరగేసి పెట్టి ఉంటావని పాత పానా జవాబు చెప్పాడు. అడిగినవాడి పేరు మూగనోము. నేనే. మరిచిపోయాను. ఇదే కుళాయి.

అంటే మీ యంత్రానికి ఆ నోరు మా బావమరిది దగ్గర్నుంచి వచ్చింది. తెలియదనే మాట రాకపోవడం కూడా వాడి దగ్గర్నుంచే వచ్చిందని నా అనుమానం. నేను యంత్రమో మనిషినో తెలియకపోతే తెలియదని రాయొచ్చుగా. రాయలేదు. బావమరిదిని ఆపేయమని రాసింది బావమరిదే.

మొన్న వాడు గుట్ట దిగితే మెట్ల మీద కూర్చోబెట్టి మీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో ఇది మొదటిసారి. మా ఆవిడ లోపలినుంచి తొంగి చూసి వెళ్ళింది.

“నేను ఇలా ఉంటానా బావా?” అన్నాడు.

“ఉంటావురా.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“నువ్వు సందు ఇస్తే కదా.”

టీ చల్లారిపోయింది. అయినా తాగాడు.

ఉంటాను,
మీ బాబాయి,
మూగనోము

తా.క.: ఆ కుళాయి ప్రశ్న అడిగింది నేనని వాడికి అప్పుడే తెలుసట. ‘వాషరు తిరగేసి పెట్టేది మా బావ ఒక్కడే’ అన్నాడు. గుట్ట మీద పిల్లా పెద్దా అందరికీ తెలుసట. రహస్యమని నేనొక్కణ్ణే దాచుకున్నాను.

ఇంకో తా.క.: గుట్ట మీద ఒకావిడ సోలారు పంపు గురించి కొత్త మూటలోనూ లేని సంగతి ఏదో అడిగిందట. వాడు ‘నాకు తెలియదు’ అన్నాడట. జ్వరమేమోనని ఆవిడ నుదురు ముట్టి చూసిందట. నిన్న గుట్ట దిగి, ఆ ప్రశ్నని పంచాయితీలో పెట్టి, కిందనే పాత పానా పేరుతో తన జవాబు కూడా పెట్టాడు. ‘తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి.’ దాన్ని వచ్చే మూటలో తప్పకుండా కట్టు. ఆ ఒక్క ముక్కని కంపెనీలు ట్యాంకర్లతో తోడుకుపోయినా మాకేం అభ్యంతరం లేదు.