దేవుడి గూట్లో గుడ్లగూబ

27 డిసెంబర్ 1999

మా ఇంటి ఓనర్, గ్రీకావిడ కలియోపి ఆంటీ బ్యాంక్ లాకర్ ఖాళీ చేసి వచ్చారు. ఒకటో తారీఖున కంప్యూటర్లు ఆగిపోతే లాకర్ తలుపు తెరుచుకోదట. నేను చేసేదే ఆ కంప్యూటర్లు ఆగకుండా చూసే వైటూకే ఉద్యోగం, ఏమీ కాదు ఆంటీ అన్నా వినరు. న్యూకాజిల్‌లో కూతురింటికి వెళుతూ ఒక వస్తువు దాచమని నా చేతిలో పెట్టారు. పాతకాలపు ఏథెన్స్ వెండి నాణెం. ఒకవైపు వాళ్ళ దేవత, రెండోవైపు గుడ్లగూబ ఉన్నాయట. నాకు నలుపు తప్ప సరిగ్గా ఏదీ కనబడలేదు. పోయిన భర్త దాచిందట. జనవరిలో అమ్మి కళ్ళ ఆపరేషన్ ప్రైవేట్‌గా చేయించుకుంటారు. పబ్లిక్ హాస్పిటల్ క్యూలో నెలల తరబడి ఆగితే ఆలోగా చూపు పోతుందని ఆవిడ భయం.

ఈ హారిస్ పార్క్ ఫ్లాట్‌లో తాళం పడే బీరువా కూడా లేదు. దేవుడి గూట్లో పెట్టాను. వెండిది, జాగ్రత్త అని మా ఆవిడ వసుంధరకి చెప్పి ఆఫీసుకి పరుగెత్తాను.

30 డిసెంబర్

టెస్టింగ్. ఇంటికి వెళ్ళలేదు.

31 డిసెంబర్, మధ్యాహ్నం

స్నానానికి ఇంటికొచ్చాను. లక్ష్మీదేవి పక్కన నాణెం తళతళలాడుతోంది. కుంకుమ బొట్టు కూడా పెట్టింది. నలుపు ఎక్కడా లేదు.

వసుంధర నిన్న పూజసామాన్లతో పాటు చింతపండు, విభూతి వేసి దాన్నీ తోమిందట. శుక్రవారం పూట మకిలి పట్టిన వెండి దేవుడి దగ్గర ఎలా ఉంచుతామండీ అంది, మెచ్చుకుంటానేమోనని నా మొహం చూస్తూ.

పాత నాణేల షాపుకి ఫోన్ చేశాను. ఆ నలుపుకే విలువట. తోమేస్తే సగం ధర కూడా రాదట. వసుంధర మీద అరిచాను. గూట్లో పెట్టింది నేను, అరిచింది తన మీద. సిగ్గుగా ఉంది. ఆంటీకి ఏం చెప్పాలి?

1 జనవరి 2000

ఏమీ కాలేదు. ఒక్క కంప్యూటర్ కూడా ఆగలేదు. ఆఫీసంతా కేకలు, షాంపేన్. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

3 జనవరి

ఆంటీ ఊరినుంచి రాగానే చెప్పేశాను. ఆంటీ నాణెం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. అటూ ఇటూ తిప్పారు. వసుంధర సారీ ఆంటీ, సారీ ఆంటీ అంటూనే ఉంది. తగ్గిన ధర మేం ఇచ్చుకుంటాం అన్నాను. తిట్టినా బాగుండేది. నాణెంతో లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

6 జనవరి

ఆంటీ పబ్లిక్ హాస్పిటల్ క్యూలో పేరు రాయించుకొచ్చారు. నాణెం అమ్మరట. ఇన్నేళ్ళూ ఆవిడకి అదొక నల్లటి బిళ్ళేనట. ఇప్పుడు గుడ్లగూబ కళ్ళు కనబడుతున్నాయట.