చెంపదెబ్బ సీను

ఏమండీ,

మీరు పోయి ఈ రోజుకి ఏడాది. పెళ్లయిన కొత్తలో మనం కంచరపాలెం హాల్లో పదేపదే చూసిన ఆ సినిమా మళ్లీ విడుదలైతే, అమ్మాయి నన్ను తీసుకెళ్లింది. పాతదని నవ్వుతుందేమోనని భయపడ్డాను. హార్బరు ఫైటుకి ఈల వేసింది. తల్లి చనిపోయే చోట ఇద్దరం ఏడ్చాం.

హీరో హీరోయిన్‌ని చెంపమీద కొట్టినప్పుడు మాత్రం హాలంతా నిశ్శబ్దమైపోయింది. అప్పట్లో అక్కడే చప్పట్లు మోగేవి.

"ఇదేటమ్మా! నాన్న కూడా సప్పట్లు కొట్టేవోరా?" అంది అమ్మాయి.

"లేదే. ఆ సీను రాగానే టీ తాగొత్తానని బయటికెళ్లిపోయేవోరు. సూసిన పెతీసారీ."

అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, సినిమా అయ్యేదాకా వదల్లేదు.

ఇన్నేళ్లూ మీకు టీ పిచ్చి అనుకున్నానండీ.