గుండీలు చిన్నదే పెట్టుకుంటుంది

అమ్మా,

కుట్టిన బట్టలు ఇచ్చి నువ్వు తిరిగొచ్చేసరికి నేను ఆఫీసుకు వెళ్లిపోయి ఉంటాను. చిన్నది స్కూల్ నుంచి రాగానే గౌను మార్చుకుంటుంది. నువ్వు చెయ్యి పెట్టొద్దు. ఐదు గుండీలూ తనే పెట్టుకోగలదు. ఈ పొద్దున నువ్వు లేనప్పుడు పెట్టేసుకుంది. బస్సు పోతే పోయిందని నిలబడి మరీ చూశాను. సంతోషం పట్టలేక థెరపీ మేడమ్‌కి ఫోన్ కూడా చేశాను.

పూసలు గుచ్చించడానికీ, మైనం ముద్ద పిసికించడానికీ అంత దూరం తీసుకెళ్లాలా అని సణిగేదానివి కదా. ఆ వేళ్లకు బలం వచ్చింది వాటితోనే. మేడమ్ చెప్పినట్టు ముందు నాలుగు గుండీలు మనం పెట్టి, చివరిది దానికి వదిలాం. తర్వాత చివరి రెండూ వదిలాం. థెరపీ దగ్గరైతే నెల కిందటే ఐదూ పెట్టేసిందని మేడమ్ ఫోన్లో చెప్పారు.

మరి ఇంట్లో అమ్మ ముందు చేతులు చాపి నిలబడతావెందుకే అని దాన్ని అడిగాను. "నేనే పెట్టేసుకుంటే అమ్మ మిషన్ ఆపదు కదక్కా" అంది.

నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. నువ్వు ఆ మిషన్ మీద కూర్చోబట్టే నేను డిగ్రీ చదివాను. కానీ ఈ సాయంత్రం మిషన్ ఆపి దాని పక్కన కూర్చో. ఒక గుండీ తప్పు కాజాలో పెట్టినా సరిచెయ్యకు.

నీ పెద్దది

ఇంకోమాట. ఐదోది పెట్టగానే లేచి వెళ్లిపోకు. ఇంకాసేపు అక్కడే ఉండు.